పద్నాలుగు కాళ్ళ ఇల్లు

ఇల్లు కట్టి చూడమంటారు.
కట్టినదాన్ని నిలబెట్టి చూడమని
ఎవరూ అనలేదెందుకో.

నేను వాన తెలియని ఊరివాణ్ణి.
కలామా ఎడారిలో మా ఇంటికి కప్పు
ఉత్త నీడ కోసం.
యస్నాని చేసుకుని
రెండు వేల కిలోమీటర్లు దక్షిణానికి దిగి
చిలోయె దీవికి ఇల్లరికం వచ్చాను.
నీళ్ళ అంచున, పద్నాలుగు కర్ర కాళ్ళ మీద
నిలబడ్డ ఇల్లు.
పోటు వేళ గచ్చు కింద అలల గుసగుస,
ఆటు వేళ బురద, పీతలు, ఎవరిదో ఒంటి చెప్పు.

మా అత్త దెల్మీరా
ఏం చదివావని అడగలేదు.
చేతిలో కొయ్య సుత్తి పెట్టి కిందికి దింపింది.
పుచ్చకాయ బేరమాడేవాడిలా
ఒక్కో స్తంభం తట్టి వినాలట.
ఠక్ అంటే గట్టిది.
డొబ్ అంటే లోపల పురుగు కాపురం పెట్టింది.

ఇక్కడ జనవరి ఎండాకాలం
(ఆ ఎండని చూస్తే నాకు నవ్వొస్తుంది).
కట్టెలు చీల్చి గాలాడేలా పేర్చేది అప్పుడే.
తడి కట్టె, అబద్ధం ఒకటే అంటుంది అత్త:
పొగ జాస్తి, వేడి నాస్తి.
ఫిబ్రవరిలో నిచ్చెన.
గోడ మీది చెక్కపెంకుల్లో
వంకర తిరిగినవి పీకి కొత్తవి కొట్టాలి.
వానలు ముదిరేలోగా పొగగొట్టం.
మొదటిసారి దులిపి దిగినప్పుడు
నా మొహం చూసి యస్నా రెండు రోజులు నవ్వింది.
గ్యాస్ గొట్టం మీద తేదీ ఎప్పుడో ఒకప్పుడు కాదు,
ఏప్రిల్ ఒకటిన చూడాలి.
తలుపు వెనక మేకుకి సంచీ:
టార్చి, బీపీ మాత్రలు, ఇంటి కాగితాలు, ఊలు మేజోళ్ళు.
భూమి అదిరితే ఆ సంచీ, ఆ వెంటనే కొండ.
ఇంకేదీ ముట్టుకోకూడదు.
"నన్ను కూడా," అంది అత్త,
"నీకంటే ముందే పైనుంటాను."

మే నెల ఆటులో
ఎనిమిది స్తంభాలు తట్టాను.
వాన అందుకుంది. మోకాలి దాకా బురద.
తొమ్మిదోదాన్ని దూరం నుంచే చూసి
బాగుందని చెప్పేశాను,
మిగతా అయిదింటికీ అదే నోటితో.

ఆగస్టులో ఒక రాత్రి ఉత్తరపు గాలి.
అరలో కప్పులు వాటిలో అవే మాట్లాడుకున్నాయి.
ఎక్కడో కింద ఓ మూలుగు.
వంటగదిలో ఒక ఉల్లిపాయ
బల్ల మీంచి పడి, నిదానంగా దొర్లుకుంటూ పోయి
తొమ్మిదో కాలున్న మూల ఆగింది.
ముగ్గురం దాని వంకే చూశాం.
అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది.
వంగి, ఉల్లిపాయ తీసుకుని, తరిగింది.

తెల్లారి నీళ్ళు తీయగానే
పక్కింటి ఎలియొదోరో, అతని ఇద్దరు తమ్ముళ్ళు,
పడవలెత్తే జాకీ, కొత్త దుంగ.
బురదలో ఎవరి కాలు ఎవరిదో తెలియకుండా
సాయంత్రానికి ఇంటిని వేలెడు ఎత్తాం.
కూలి ఎంతంటే ఎవరూ పలకలేదు.
అత్త వేయించిన బంగాళాదుంప రొట్టెలు తిని
మూతి తుడుచుకుంటూ ఎలియొదోరో అన్నాడు:
"మాకూ పదహారు కాళ్ళున్నాయి, అల్లుడూ."

మూడేళ్ళయింది.
ఇప్పుడు నా చెవి దేన్నీ వదలదు.
కుళాయి చుక్క, తలుపు బందు, నాలుగో మెట్టు,
ఈ మధ్య రాత్రుళ్ళు గోడవతల అత్త దగ్గు.
చీకట్లో కళ్ళు తెరుచుకుని వింటాను
ఠక్కా, డొబ్బా అని.

పొద్దున అడిగాను, డాక్టరు దగ్గరికి వెళ్దామా.
"ముందు పొగగొట్టం చూడు," అంది
నా వైపు చూడకుండా.

ఎక్కి చూశాను. మసి లేదు.
దిగి, చేతులు కడుక్కుని,
ఆమె కోటు తెచ్చి
చేతులు దూర్చడానికి వీలుగా
పట్టుకుని నిలబడ్డాను.